మా తిరుపతి జిల్లాకూ సముద్రం ఉందండీ
మీరు విశాఖ నుంచి భీమిలి దాకా ఒంటరిగా బండి మీద వెళ్లి, దారిలో తొట్లకొండ ఎక్కిన అనుభవం చాలా బాగా రాశారు. మాది తిరుపతి. ఊరు పేరు చెప్పగానే అందరికీ ఏడుకొండలే గుర్తొస్తాయి గానీ, 2022లో కొత్త జిల్లా ఏర్పడ్డాక సముద్రతీరం కూడా మా జిల్లాలోకి వచ్చింది. ఇటూ ఒకసారి రండి.

పోయిన జనవరిలో నేనొక్కదాన్నే స్కూటర్ మీద శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వెళ్లాను. నీళ్లలో నిలబడ్డ చెట్ల నిండా గూడబాతులు (పెలికాన్లు). ఒక తల్లి ముక్కు కింది సంచి తెరవగానే, పిల్ల తలంతా లోపలికి దూర్చి చేప అందుకుంది. అరగంట అక్కడి నుంచి కదల్లేకపోయాను.

తర్వాత సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు. రెండు పక్కలా పులికాట్ సరస్సు, దూరంగా బురదనీళ్లలో తలలు వంచి మేత వెతుక్కునే ఫ్లెమింగోలు. అక్కడి ఇస్రో రాకెట్ ప్రయోగ కేంద్రం షార్ గేటు దాటి మాత్రం అనుమతి లేకుండా పోనివ్వరు.

కొండల్లో నడవాలంటే వరదయ్యపాళెం దగ్గర ఉబ్బలమడుగు జలపాతం ఉంది. కానీ అక్కడికి ఒంటరిగా వద్దని గట్టిగా చెబుతాను. రాళ్లు నాచుపట్టి జారతాయి, మడుగులు లోతు. నేనొక్కదాన్నే వెళ్లిన రోజు ఫోన్ సిగ్నల్ పోయేసరికి నాకు టెన్షన్ వచ్చి సగం దారిలోనే వెనక్కి తిరిగాను. తర్వాత తమ్ముణ్ణి తీసుకెళ్లి జలపాతం చూసొచ్చాను. పక్షుల కోసమైతే అక్టోబరు నుంచి మార్చి లోపు రండి.