బడి గేటు బయట ఎవరి ఏలుబడి?

నగరంలో ఎన్నికలంటే ఫ్లెక్సీలు, బైక్ ర్యాలీలు, చివరి రాత్రి చేతులు మారే కవర్లు. ఇవేవీ లేని ఎన్నిక ఒకటుంది. దానికి డిపాజిట్ కట్టక్కర్లేదు, బీ-ఫారం అడగక్కర్లేదు, పార్టీ గుర్తు ఉండదు. ప్రతి ప్రభుత్వ బడిలో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులు ఎన్నికై పాఠశాల యాజమాన్య కమిటీగా ఏర్పడతారు. ఎస్‌ఎంసీ అని పొట్టిగా పిలిచే ఈ కమిటీ ఒకటుందని హైదరాబాద్‌లో బడి స్టాఫ్‌కు తప్ప తెలిసినవాళ్లు బహు తక్కువ.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ఈ కమిటీని తప్పనిసరి చేసింది. సభ్యుల్లో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది మహిళలు కావాలి. మన నిబంధనల ప్రకారం చైర్‌పర్సన్, వైస్ చైర్‌పర్సన్ తల్లిదండ్రుల్లోంచే వస్తారు. హెచ్‌ఎం కన్వీనర్. అంగన్‌వాడీ టీచర్, ఆరోగ్య కార్యకర్త (ఏఎన్‌ఎం), స్థానిక కార్పొరేటర్ పదవి రీత్యా సభ్యులు. గడువు రెండేళ్లు. బడికొచ్చిన డబ్బు ఎలా ఖర్చవుతోందో చూడటం, బడికి మూడేళ్ల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం కమిటీ పని. నాలుగిళ్లలో అంట్లు తోమి బిడ్డను చదివించుకునే అమ్మకు ఇంతకు మించిన అధికారం ఈ మహానగరంలో మరే చట్టమూ ఇవ్వలేదు.

ఇచ్చిన అధికారం చేతికి అందుతోందా అన్నదే ప్రశ్న. ఎన్నిక నోటీసు బడి నోటీసు బోర్డు మీద అంటిస్తారు. బోర్డు ఉండేది గేటు లోపల, వరండా చివర. తల్లులు పిల్లల్ని గేటు దగ్గరే దింపి పనిలోకి పరుగెత్తుతారు. ఎన్నిక పెట్టేదేమో పనిదినం పొద్దున. అపార్ట్‌మెంట్లో రెండో ఇంటి పని ముగించి మూడో ఇంటికి పోయే వేళ అది. అడ్డా మీద బేరం కుదిరి కూలీలు సైట్‌కు బయల్దేరే వేళ అది. కోరానికి సగం మంది కావాలి, వచ్చేది పది మంది. క్లాస్ టీచర్ తల పట్టుకుని, తరచూ బడికి వచ్చిపోయే ముగ్గురిని చూపించి ‘మీరే ఉండండమ్మా, మళ్లీ ఎవర్ని వెతుకుతాం’ అంటారు. ఎవరూ కాదనరు. రిజిస్టర్‌లో ఏకగ్రీవం అని రాస్తారు. ఆ తర్వాత చైర్‌పర్సన్‌కు కబురందేది చెక్కు మీద సంతకం కావలసి వచ్చినప్పుడే. ఆ చెక్కు దేనికో అడిగే చైర్‌పర్సన్లూ ఉన్నారు, కానీ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇందులో టీచర్లను తిట్టి చేతులు దులుపుకోవడం తేలిక. నిజానికి వాళ్ల చేతుల్లో ఉన్నదీ తక్కువే. 2019 నవంబర్‌లో ఎన్నికైన కమిటీల గడువు 2021లోనే తీరిపోయినా వెంటనే కొత్త ఎన్నిక పెట్టకుండా పొడిగింపులతో నెట్టుకొచ్చింది ప్రభుత్వం. 2024లో మరో ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను తెచ్చింది. తాగునీరు, మరుగుదొడ్లు, చిన్న చిన్న మరమ్మతుల పనులను వాటికి అప్పగించింది. స్వయం సహాయక సంఘాల సమాఖ్య అధ్యక్షురాలిని వాటికి చైర్‌పర్సన్‌ను చేసింది. పొదుపు సంఘాల మహిళల చేతికి పని ఇవ్వడాన్ని మేం తప్పుపట్టం. వేసవి సెలవుల్లో పనులు కదిలిన మాట కూడా నిజం. అయితే ఆ చైర్‌పర్సన్ ఆ బడి తల్లులు చేతులెత్తి ఎన్నుకున్న మనిషి కాదు, సమాఖ్య పదవి వల్ల వచ్చిన మనిషి. డబ్బు, పని ఒక కమిటీకి వెళ్లి, చట్టం, బాధ్యత ఇంకో కమిటీ దగ్గర మిగిలిపోతే, ఎన్నికైన తల్లికి రిజిస్టర్‌లో సంతకం తప్ప ఏం మిగులుతుంది? పోనీ డబ్బయినా పెద్దదా అంటే, పిల్లలు ముప్పై దాటి వంద లోపు ఉన్న బడికి కేంద్ర పథకం సమగ్ర శిక్ష కింద వచ్చే వార్షిక గ్రాంటు 25 వేల రూపాయలు. లక్ష రావాలంటే పిల్లలు వెయ్యి దాటాలి. 25 వేలతో ఏడాది పొడుగునా చాక్‌పీసులు, ఫినాయిల్, ఊడిన నల్లాలు చూసుకోవాలి.

కాబట్టి ఈ కమిటీల అసలు బలం డబ్బులో లేదు. పదిమంది తల్లులు కలిసి ఒక అధికారి ముందు కూర్చుని అడగగలగడంలో ఉంది. హైదరాబాద్‌లో ఆ అవసరం బడి లోపలి కంటే గేటు బయటే ఎక్కువ. గేటు ముందు పేరుకున్న చెత్త జీహెచ్‌ఎంసీది. అక్కడే పొంగే మురుగు మ్యాన్‌హోల్ జలమండలిది. ప్రహరీకి ఆనుకుని కంచె లేకుండా నిలబడ్డ ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ పంపిణీ సంస్థది. పిల్లల్ని రోడ్డు దాటించాల్సింది ట్రాఫిక్ పోలీసులు. లోపలి గదులు విద్యాశాఖవి, వాటి నిర్మాణం చూసే ప్రభుత్వ సంస్థ వేరే. ఇది చాలదన్నట్టు నగరం ఒక్కటే అయినా అది నాలుగు జిల్లాల్లో పరుచుకుంది. హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి, సంగారెడ్డి జిల్లా విద్యాధికారులకు తలా ఒక ముక్క. తిలా పాపం తలా పిడికెడు. హెచ్‌ఎం ఒక అర్జీ రాస్తే అది ఏ టేబుల్ మీదికి పోవాలో తేలేసరికి పిల్లలు పైతరగతికి వెళ్లిపోతారు.

ఇది వట్టి ఫైళ్ల గొడవ కాదు. 2020 సెప్టెంబర్‌లో నేరేడ్‌మెట్‌లో సైకిల్ మీద వెళ్లిన పన్నెండేళ్ల పాప తెరిచి ఉన్న నాలాలో కొట్టుకుపోయింది. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో పాల ప్యాకెట్ కోసం బయటికొచ్చిన చిన్నారి వాననీటి కింద కనపడని గుంతలో పడి చనిపోయింది. అదే ఏడాది ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు కరిచి చంపేశాయి. ప్రతిసారీ కింది స్థాయి వాళ్లను సస్పెండ్ చేశారు లేదా స్పెషల్ డ్రైవ్ పెట్టారు. వానాకాలం అయిపోగానే మర్చిపోయారు. ఏ నాలా మీద పలక లేదో, ఏ మూలమీద కుక్కల గుంపు ఉంటుందో, ఏ వీధిలో మోకాటి లోతు నీళ్లు నిలుస్తాయో పిల్లాడిని రోజూ రెండుసార్లు నడిపించుకెళ్లే తల్లికి తెలిసినంత ఏ ఇంజినీరుకూ తెలియదు. ఆమె మాట రికార్డులోకి ఎక్కే దారి ఒక్కటే ఉంది, అది ఎస్‌ఎంసీ తీర్మానం. ఆ తీర్మానాన్ని తీసుకోవాల్సిన బాధ్యత మాత్రం ఇవాళ ఏ ఆఫీసుకూ లేదు.

ఇక్కడే కార్పొరేటర్ సంగతి వస్తుంది. ముంబైలో కార్పొరేషన్ సొంతంగా బడులు నడుపుతుంది. ఢిల్లీలో ప్రాథమిక బడులు చాలావరకు కార్పొరేషన్‌వే. హైదరాబాద్‌లో బడి పూర్తిగా రాష్ట్ర విద్యాశాఖ సొత్తు. అందుకే ఓటడగడానికి వచ్చిన అభ్యర్థిని బడి గురించి అడిగితే ‘అది మా చేతిలో లేదమ్మా’ అంటాడు. అబద్ధమేమీ కాదు. కానీ ఎస్‌ఎంసీలో అతనికి పదవి రీత్యా ఒక కుర్చీ ఉంది. ఆ కుర్చీలో ఐదేళ్లలో ఎన్నిసార్లు కూర్చున్నావని అడిగితే ఏం చెబుతాడో! 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో నగర పాలక సంస్థలకు అప్పగించదగ్గ 18 అంశాలున్నాయి. మురికివాడల అభివృద్ధి, ఆటస్థలాలు, విద్యకు ప్రోత్సాహం వాటిలోవే. మూడు దశాబ్దాలు దాటినా మన నగరంలో చదువు అనే మాట ఆ షెడ్యూల్ దాటి బయటికి రాలేదు.

కార్పొరేటర్ కుర్చీ నిండుగా ఉన్నా ఫలితం లేదనుకుంటే, అది ఖాళీ అయిపోవడం ఈ నగరానికి పాత జబ్బు. 1991 నుంచి 2002 దాకా ఎన్నికైన పాలకమండలి లేక హైదరాబాద్‌ను ప్రభుత్వం పెట్టిన ప్రత్యేక అధికారులే ఏలారు. 2007లో జీహెచ్‌ఎంసీ ఏర్పడితే ఎన్నికలు 2009లో జరిగాయి. ఆ పాలకమండలి 2014 చివర్లో దిగిపోతే కొత్తది 2016 ఫిబ్రవరిలో గానీ రాలేదు. ఒక్క 2020లో మాత్రం గడువుకు ముందే, డిసెంబర్‌లోనే ఎన్నికలు పెట్టారు. అప్పుడు పోలింగ్ 46 శాతం దగ్గరే ఆగిపోయింది, సగం నగరం గడప దాటలేదు. ఆ పాలకమండలి ఐదేళ్లు 2026 ఫిబ్రవరికి నిండాయి. 2025 చివర్లో శివారుల్లోని 27 పురపాలక సంస్థలను కలిపి వార్డులను 150 నుంచి 300కు పెంచారు. వార్డు చిన్నదైతే మనిషి దగ్గరవుతాడన్న వాదన ఒప్పుకోదగ్గదే. గీతలు గీయడం మీద ఉన్న శ్రద్ధ ఆ వార్డులో ఎన్ని బడులున్నాయి, వాటి కమిటీలు ఏ స్థితిలో ఉన్నాయన్న లెక్క మీద కూడా ఉండాలి కదా.

బడిని ఎన్నికల చేతిలో పెడితే రాజకీయం జొరబడుతుందని హెచ్‌ఎంలు అంటారు. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. అమెరికాలో పెద్ద నగరాల బడులను స్కూల్ బోర్డులు నడుపుతాయి, చాలాచోట్ల వాటికి నేరుగా ఎన్నికలుంటాయి. లాస్ ఏంజెలెస్‌లో ఏడుగురు సభ్యుల బోర్డు కోసం 2017లో జరిగిన పోటీలో ఖర్చు కోటి డాలర్లు దాటింది. షికాగోలో 1995 నుంచి బోర్డును మేయరే నియమించేవారు. జనం పోరాడి 2024 నవంబర్‌లో తొలిసారి ఎన్నిక తెచ్చుకున్నారు. 21 మందిలో పది మంది ఎన్నికయ్యారు, మిగతావాళ్లను ఈ విడతకు మేయర్ నియమించారు. న్యూయార్క్ మాత్రం 2002 నుంచి మేయర్ పెత్తనంలోనే సాగుతోంది. ఎవరి పద్ధతి ఏదైనా, బడి ఎవరిదన్న వాదన అక్కడ వీధిలో జరుగుతుంది. మన దగ్గర డబ్బు పోసి గెలవాల్సినంత పెద్ద పదవి కాదిది. నెలకు ఒకసారి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే పదవి. రాజకీయం చొరబడుతుందన్న భయంతో తల్లిదండ్రులను దూరం పెడితే చివరికి బడిలో మిగిలేది పార్టీ మనుషులే. జెండా వందనం రోజు స్టేజీ మీద ఎవరు కూర్చుంటున్నారో ఒకసారి చూస్తే చాలు.

ఇంకో సంగతి దాటేయలేం. నగరంలో ఎక్కువమంది పిల్లలు చదివేది ప్రైవేటు బడుల్లో. ఎయిడ్ లేని ప్రైవేటు బడులకు ఈ కమిటీల సెక్షనే వర్తించదు. ఫీజు పెంచిన ప్రతి జూన్‌లో గేటు ముందు నినాదాలిచ్చే తల్లిదండ్రులకు లోపల కూర్చునే హక్కు చట్టం ఇవ్వలేదు. అది వేరే పోరాటం, విడిగా రాయాల్సినంత పెద్దది.

ప్రభుత్వ బడుల విషయంలో మాత్రం చేయాల్సింది కష్టమేమీ కాదు. నగరమంతా ఒకే ఆదివారం ఎన్నిక పెట్టాలి. నోటీసు తెలుగు, ఉర్దూ, హిందీ మూడింటిలో ఉండాలి. చదవలేని వాళ్లకు ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పంపాలి, తల్లిదండ్రుల నంబర్లు బడి దగ్గర ఉండనే ఉంటాయి. ఒడిశా నుంచో పాలమూరు నుంచో వచ్చి సైట్ల దగ్గర బతికే కుటుంబాలు ఏడాదికో బస్తీ మారతాయి. అలాంటి తల్లులకు రెండేళ్ల పదవి కుదరకపోతే ఖాళీ అయిన చోటును ఆ నెలలోనే నింపాలి. మీటింగ్‌లు సాయంత్రం ఆరు తర్వాత జరగాలి. అమ్మ ఆదర్శ కమిటీ చేసే ప్రతి ఖర్చుకూ ఎస్‌ఎంసీ తీర్మానం ఉండాలి. రెండు కమిటీలు రెండు దారుల్లో నడవడం ఆగాలి.

2023 జూన్‌లో నగరంలో వార్డు కార్యాలయాలు తెరిచారు. ఒకే చప్పరం కింద అన్ని శాఖల సిబ్బంది ఉంటారని అప్పట్లో చెప్పారు. మూడు నెలలకోసారి ఆ కార్యాలయంలో వార్డులోని బడుల చైర్‌పర్సన్లతో ఒక మీటింగ్ పెట్టి, జలమండలి, విద్యుత్, ట్రాఫిక్, పారిశుద్ధ్యం వాళ్లను తప్పనిసరిగా కూర్చోబెట్టి, ఎవరు ఏ పని ఎన్ని రోజుల్లో చేస్తారో అక్కడే రాయించాలి. ఆ కాగితం కాపీ బడి గేటు బయట, తల్లులు నిలబడే చోట అంటించాలి. కార్పొరేటర్ లేని కాలంలో ఈ మీటింగ్ బాధ్యత ప్రత్యేక అధికారిది. ఆ మాట ఉత్తర్వులోనే ఉండాలి, లేకపోతే ఆయన రాడు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. విద్యాశాఖ ఒక ఉత్తర్వు, పురపాలక శాఖ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. జూన్ 12న బడులు తెరుస్తారు, అప్పటికి నైరుతి వానలూ మొదలవుతాయి. ఆ ఉత్తర్వులు అంతకు ముందే రావాలి. కార్పొరేషన్ టికెట్ల కోసం పార్టీ ఆఫీసుల చుట్టూ తిరిగే ఆశావహులు కూడా ఈలోగా తమ వార్డులోని బడులకు వెళ్లి తీర్మానాల రిజిస్టర్ చూపించమని అడగొచ్చు. ఓటడగడానికి వచ్చినప్పుడు తల్లులు ముందుగా అడిగేది దాని గురించే అయితే జవాబైనా సిద్ధంగా ఉంటుంది.