పదును పెట్టడమే తొలి పాఠం కావాలి

వడ్రంగం తరగతుల్లో చేరినవారు మొదటి వారంలోనే ఒక చిన్న బల్ల చేసి ఇంటికి తీసుకువెళ్లవచ్చని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. ఉత్సాహం కలిగించడానికి ఆ మాట బాగానే ఉంది కానీ, అలాంటి తరగతిలోనే నేర్చుకున్న వ్యక్తిగా నా అభిప్రాయం కొంత వేరు.

మాకు తొలి రోజుల్లో ఉలికి పదును పెట్టడం తప్ప మరేమీ నేర్పలేదు. ఉలి వాలును సుమారు 25 డిగ్రీలకు సానబట్టి, అంచును మాత్రం 30 డిగ్రీల వద్ద సన్నరాయిపై నూరి, వెనుక వైపు అద్దంలా చదును చేసిన తరువాతే చెక్కను ముట్టుకోనిచ్చారు. అప్పట్లో విసుగనిపించింది (నాతో చేరినవారిలో ఇద్దరు మానేశారు కూడా). మొద్దుబారిన ఉలి చెక్కను కోయకుండా నలిపివేస్తుందనీ, బలం ఎక్కువ పెట్టవలసి రావడం వల్ల చేయి జారి గాయమవుతుందనీ తరువాత అర్థమైంది.

ఆ వ్యాసంలో అసలు ప్రస్తావించని విషయం చెక్క కదలిక. గాలిలోని తేమను బట్టి చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. పొడవులో మాత్రం దాదాపు మారదు. అందువల్ల వెడల్పాటి బల్లపైభాగాన్ని కింది చట్రానికి జిగురుతో గట్టిగా అతికిస్తే కాలక్రమంలో అది పగులుతుంది. మరలు బిగించే రంధ్రాలను కోలగా తొలిస్తే ఆ కదలికకు చోటు దొరుకుతుంది. తరగతిలో ఈ సంగతి చెబుతున్నారో లేదో చేరేముందే అడిగి తెలుసుకోవడం మంచిది.