చల్లని వాతావరణంలో పులి కావలెను

ట్యాంక్‌బండ్ మీద ఆఖరి గణేశుడి లారీ ఇంకా కదలకముందే మన కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ దిగుతుంది. మీ గ్రూప్‌లోనూ దిగే ఉంటుంది, దిగలేదంటే మీకు బావలు లేరని అర్థం. "ఈసారి నార్త్ వేస్తున్నాం. ఢిల్లీ, ఆగ్రా, హరిద్వార్, నైనిటాల్. మధ్యలో ఒక పూట జిమ్ కార్బెట్. పులి ఏ నెలలో బాగా కనిపిస్తుంది? తెలిసినవాళ్లు చెప్పగలరు." కింద రెండు దణ్ణాలు.

బాగా కనిపించడమంట. బంగినపల్లి ఏ నెలలో బాగా దిగుతుంది అన్నట్టు.

అయినా నవ్వకూడదు, మనవాళ్ల కోరికలు చాలా న్యాయమైనవి. చలి ఉండకూడదు, అత్తయ్యకి మోకాళ్లు. ఎండ ఉండకూడదు, పిల్లకి సంబంధాలు చూస్తున్నారు, నల్లబడితే కష్టం. వాన సంగతి చెప్పనే అక్కర్లేదు. స్కూలు పోకూడదు, ఆఫీసులో రెండ్రోజులకి మించి లీవు పెట్టకూడదు, ఫ్లైట్ రేట్లు పెరక్కూడదు, రిసార్ట్‌లో ఆఫర్ నడుస్తుండాలి. ఇవన్నీ కుదిరిన రోజున, టిఫిన్ అయ్యాక, పులి జీపుకి పది అడుగుల దూరంలో, మొహం ఇటే పెట్టి, వీలైతే పిల్లల్ని వెంటేసుకుని, మెల్లిగా రోడ్డు దాటాలి. అంతే. అంతకుమించి ఎవరూ ఏమీ అడగట్లేదు.

ఉత్తరాఖండ్‌లో ఉన్న ఈ కార్బెట్ కూడా అల్లాటప్పా అడవి కాదు మరి. 1936లో హెయిలీ నేషనల్ పార్క్ పేరుతో పెట్టారు, దేశంలో మొట్టమొదటి జాతీయ పార్కు. పులుల్ని కాపాడే ప్రాజెక్ట్ టైగర్‌ని 1973 ఏప్రిల్ 1న మొదలెట్టింది కూడా అక్కడే. 2022 లెక్కల్లో అక్కడ 260 పులులు తేలాయి, దేశంలో ఇంకే టైగర్ రిజర్వ్‌లోనూ అన్ని లేవు. ఈ అంకె మా బావగారు ఎక్కడో చదివారు, అప్పట్నుంచీ ఆయన్ని పట్టలేకపోతున్నాం. "ఏవోయ్ బావమరిదీ, 260 ఉన్నాయంటగా, ఎంత లేదన్నా ఓ రెండు మూడు తగలవూ? తగలకపోతే అక్కడ స్టాఫ్ ఏం చేస్తున్నట్టు?" అన్నారు. రిజర్వ్ మొత్తం 1288 చదరపు కిలోమీటర్లు బావగారూ, పాత గ్రేటర్ హైదరాబాద్‌కి దాదాపు రెండింతలు, అందులో జీపులు తిరిగేది ఏదో ఓ మూల అని చెప్తే, "అయితే ఆ మూలకే తోలమను" అన్నారు. ఎవర్ని, పులుల్ని.

సరే, నెలల లెక్క చూద్దాం. కార్బెట్‌లో అందరూ కలలు కనేది ఢికాలా జోన్. ధనగఢీ గేటు దాటి 30 కిలోమీటర్ల పైన లోపలికి పోతే సాల చెట్ల అడవి ఉన్నట్టుండి అయిపోయి పెద్ద గడ్డి మైదానం వస్తుంది, పక్కన రామగంగ, అవతల కాలాగఢ్ డ్యామ్ నీళ్లు. ఇది నవంబర్ 15న తెరుస్తారు, జూన్ 15న మూసేస్తారు, ఎందుకంటే వానాకాలం వాగులొస్తే లోపలి దార్లు ఉండవు. బిజ్రానీ జోన్ అక్టోబర్ 15న తెరుచుకుంటుంది. ఝిర్నా, ఢేలా ఏడాదంతా తెరిచే ఉంటాయి కానీ గట్టి వాన పడితే అక్కడా జీపు కదలదు. అంటే మన దసరా సెలవులకి ఢికాలా తలుపు తాళం వేసి ఉంటుంది. ఈ విషయం ఎన్నిసార్లు చెప్పినా మనవాళ్లు "మాట్లాడితే ఒప్పుకుంటారేమో కనుక్కో" అంటారు, అదేదో తిరుమల బ్రేక్ దర్శనానికి లెటర్ సంపాయించే పని అయినట్టు.

సంక్రాంతి సెలవులు చూస్తే, జనవరి తెల్లారగట్ల కార్బెట్‌కి గుమ్మం లాంటి ఊరు రామ్‌నగర్‌లో చలి ఎముకలు కొరుకుతుంది, పైగా పొగమంచు. టాప్ లేని జిప్సీలో రగ్గు కప్పుకుని కళ్లు మాత్రం బయట పెట్టుకుని కూర్చుంటే ముందు జీపు వెనక లైటు కనిపిస్తుంది, అదృష్టం బాగుంటే. ఆ నెలల్లో పక్షులు మాత్రం అద్భుతంగా ఉంటాయి, ఎక్కడెక్కడి నుంచో వలసొస్తాయి. పక్షుల కోసం నార్త్ వెళ్తామా అని మీరడుగుతారు, తెలుసు, అందుకే పొడిగించట్లేదు.

మిగిలింది ఎండాకాలం. ఏప్రిల్ సగం నుంచి జూన్ మొదటి వారం దాకా. ఆకు రాలి అడవి పలచబడుతుంది, చిన్న చిన్న వాగులన్నీ ఎండిపోతాయి, నీళ్లు మిగిలేది కొన్నిచోట్లే, కాబట్టి ఎంత పులైనా దాహమేస్తే అక్కడికే రావాలి, వచ్చి నడుం దాకా నీళ్లలో కూర్చుంటుంది కూడా. డ్యామ్ నీళ్లు వెనక్కి తగ్గిన చోట కొత్త గడ్డి మొలిస్తే ఏనుగులు మందలకి మందలు ఢికాలా మైదానంలోకి దిగుతాయి, గున్నలతో సహా. ఇంకో విశేషం వినండి, మన రెండు రాష్ట్రాల స్కూళ్లకి సెలవులు మామూలుగా ఏప్రిల్ 24 దగ్గర మొదలై జూన్ 11తో అయిపోతాయి, 12న బడి. ఢికాలా మూసేది 15న. ఆ దేవుడే పాఠశాల విద్యాశాఖతో మాట్లాడి సెట్ చేసినట్టుంది. ఇంతకన్నా ఎవరైనా ఏం చేస్తారు?

బావగారు ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. "ఎండాకాలంలో ఎండలోకి టూరెళ్లేవాడు ఎవడోయ్? చల్లదనం కోసమే కదా నార్త్." ఈ మాటన్నది మే నెల మిట్టమధ్యాహ్నం బీసెంట్ రోడ్డులో చీర మీద వంద తగ్గించడానికి గంటసేపు నిలబడే మనిషి.

సో ఆదివారం సాయంత్రం వీడియో కాల్ పెట్టారు, పులి దర్శనానికి ముహూర్తం పెట్టుకోడానికి. పెద్దమ్మ కళ్లజోడు సవరించుకుని పంచాంగం తీసింది. మంగళ, బుధవారాలు ఉత్తరానికి వారశూల, బయల్దేరకూడదు. శుక్రవారం ఆడపిల్ల గడప దాటకూడదు. శనివారం సరే అనుకుంటే ఆ పొద్దున్నే ఆరు నుంచి ఏడున్నర దాకా వర్జ్యం, సరిగ్గా సఫారీ టైమ్. "వర్జ్యంలో పులి ఎదురైతే ఏం చెయ్యాలి పెద్దమ్మా?" అని మా చెల్లెలు సీరియస్‌గానే అడిగింది. "చూడకండి. ఏడున్నర దాటాక చూడండి" అంది పెద్దమ్మ, ఇంకా సీరియస్‌గా. అది ఏడున్నర దాకా ఆగుతుందా అనే డౌటు ఎవరికీ రాలేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. పెద్దమ్మకి అల్లుడి నక్షత్రం గుర్తొచ్చింది. "మీది ఉత్తరాభాద్ర కదు బాబూ?" అవునన్నారు బావగారు. పెద్దమ్మ మొహం మాడిపోయింది. పెళ్లి పొంతనాల పట్టికలో ఉత్తరాభాద్రకి జంతువు గోవు, చిత్తకీ విశాఖకీ పులి, ఆ రెంటికీ బద్ధవైరం. "పెళ్లి సంబంధమే కలపం బాబూ, అడవిలో ఎదురెదురుగా ఎలా కూర్చోబెడతాం?" స్క్రీన్ మీద పది మొహాలూ బిగుసుకుపోయాయి, నెట్‌వర్క్ పోయిందేమో అనుకున్నా, కాదు, ఆలోచిస్తున్నారు. చివరికి పరిహారం దొరికింది. ఆయన తోడల్లుడిది విశాఖ నక్షత్రం, కాబట్టి ఆయన్ని జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టాలి, పులి ఆయన్ని చూసి మనవాడే అనుకుని దగ్గరికొస్తుంది, బావగారు వెనక సీట్లో కాస్త వంగి కూర్చోవాలి. చెల్లెలిది రేవతి, దానికి ఏనుగు జంతువు, కాబట్టి ఏనుగు ఖాయం. ఎనిమిదేళ్ల మేనల్లుడు "అమ్మమ్మా, మరి కార్బెట్‌లో పులికి చిత్త నక్షత్రమా విశాఖా?" అని అడిగితే హోంవర్క్ చేసుకోమని పంపేశారు. ఆ కాల్ మొత్తంలో తెలివైన ప్రశ్న అదొక్కటే.

ముహూర్తం ఎప్పటికి కుదిరిందంటారా? సంక్రాంతి సెలవులకి. పంచాంగమూ ఒప్పుకుంది, ఫ్లైట్ ఆఫరూ ఒప్పుకుంది.

ఢికాలా లోపల గదులు బుకింగ్ తెరవగానే ఎగిరిపోతాయి. పైగా అక్కడ మాంసం, మందు రెండూ నిషేధం అని తెలిశాక బావగారు పెద్దగా బాధపడలేదు. లోపల నాన్‌వెజ్ తినే హక్కు పులికొక్కదానికే. సో బిజ్రానీలో పొద్దున సఫారీ, బయట రిసార్ట్. జిప్సీకి ఆరుగురు, ఆరో సీటు ఖాళీ అని నన్నూ ఎక్కించారు.

మంచు కొంచెం విడుతుండగా గైడ్ చెయ్యెత్తి ఇంజన్ ఆపించాడు. ఎక్కడో కణితి జింక అరిచింది, ఒక్కసారి, గట్టిగా. పైన సాల చెట్టు మీద కొండముచ్చు దగ్గుతున్నట్టు మొదలెట్టింది. గైడ్ కళ్లు మూసుకుని వింటున్నాడు, పులిని చూసి అరిచే ఆ అరుపు ఏ పక్క నుంచి ఏ పక్కకి జరుగుతోందో పట్టుకుంటున్నాడు, కార్బెట్‌లో పులిని వెతికే పద్ధతి అదే, ముందు చెవులు, తర్వాతే కళ్లు. సరిగ్గా అప్పుడు బావగారు చేగోడీల ప్యాకెట్ చింపారు. ఆ కరకర బిజ్రానీ గేటు దాకా వినపడుంటుంది. గైడ్ కళ్లు తెరిచి చూశాడు పాపం, ఏమీ అనలేదు, టిప్పు మీద బతుకు కదా. తర్వాత అత్తయ్య ఫోన్లో బీపీ మాత్ర అలారం మోగింది. తర్వాత బావగారు, "ఇంతకీ వస్తోందా రావట్లేదా, ఒక్క మాట చెప్పమనవోయ్, నైనిటాల్ బండికి టైమవుతోంది" అన్నారు.

కొంచెం ముందుకి పోయాక గైడ్ దిగకుండానే కిందకి చూపించాడు. దుమ్ములో జీపు టైరు అచ్చు, దాని మీద పులి పంజా అచ్చు. మా ముందు జీపు పోయాక, మేం రాకముందు, ఆ మధ్యలో దాటిపోయింది. మెత్తటి మడమ, గోళ్లు ఆనని నాలుగు వేళ్లు, అంచులు ఇంకా రాలలేదు. నాకైతే గుండె ఝల్లుమంది. బావగారు తొంగి చూసి "ఇది కాదోయ్, అసలు శాల్తీ కావాలి" అన్నారు. ఆ సాయంత్రమే ఆన్‌లైన్‌లో రివ్యూ పెట్టారు: ఒక్క స్టార్, పులి లేదు, గైడ్ దండగ, పిల్లలు డిసప్పాయింట్ అయ్యారు.

ఆ గైడ్‌కి ఆ వారంలో అలాంటి రివ్యూలు ఇంకెన్ని పడ్డాయో. అందుకే ఎక్కడైనా పులి కనపడిందన్న కబురు తెలిస్తే చాలు జిప్సీలన్నీ రోడ్డు పొడుగునా పోటీలు పడి పరిగెత్తుతాయి, ముందు నాలుగు వెనక నాలుగు, మధ్యలో రోడ్డు దాటాల్సిన తల్లి పులి ఇటు, పిల్లలు అటు, జనం సీట్లెక్కి నిలబడి "ఇటు చూడవే, ఇటు" అని అరుపులు. డ్రైవర్లని తిట్టి ఏం లాభం, దగ్గరికి పోనీ పోనీ అని వెనక నుంచి వీపు మీద కొట్టేది మనమే కదా.

మనకి గ్యారంటీ కావాలి. సరే, గ్యారంటీ ఇద్దామనుకున్నారు. అదే కార్బెట్‌లో, కాలాగఢ్ డివిజన్‌లో పాఖరో అని ఒక చోటుంది, అక్కడ టైగర్ సఫారీ అని మొదలెట్టారు, కంచెలో పులుల్ని పెట్టి, టికెట్ కొన్నోడికి తప్పకుండా కనిపించేట్టు చేద్దామని. దానికి 163 చెట్లు కొట్టడానికి పర్మిషన్ తీసుకున్నారు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా శాటిలైట్ బొమ్మలు చూసి లెక్కేస్తే 6 వేల పైన కొట్టేశారని తేలింది. ఆరు వేలు! ఏ అడవిలో? 260 పులులు వాటంతటవి తిరిగే అడవిలో. బతికున్న పులి ఉండే అడవిని నరికి, బోనులో పులిని చూపించడానికి! 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఉత్తరాఖండ్ మాజీ అటవీ మంత్రినీ అటవీ అధికారినీ కలిపి వాయించింది, ప్రజల నమ్మకాన్ని చెత్తబుట్టలో పడేశారని తీర్పులోనే రాసింది. ఎవడబ్బ సొమ్మని కొట్టార్రా ఆ చెట్లు? ఒక సాల చెట్టు ఎదగడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలుసా, మీ పదవీకాలం ఎన్నేళ్లో తెలుసా?

కోసీ నది పక్కన ఢికులీ దగ్గర చూడండి, రోడ్డు పొడుగునా రిసార్ట్ గోడలే. ఏనుగులూ పులులూ కార్బెట్ నుంచి నదికీ, అవతలి రామ్‌నగర్ అడవికీ దాటే దారి అది, తరతరాల దారి. అక్కడ రాత్రి డీజేలు పెట్టి సంగీత్‌లు చేస్తున్నారు, పొద్దున లేచి అదే జనం సఫారీకెళ్లి "జంతువులేవీ లేవేంటి" అంటున్నారు. సిగ్గుండక్కర్లేదా.

మనం మాత్రం తక్కువ తిన్నామా. విస్తీర్ణంలో దేశంలోనే అతి పెద్ద టైగర్ రిజర్వ్, నాగార్జునసాగర్ శ్రీశైలం, మన నల్లమలలోనే ఉంది. అందులోంచే కదా శ్రీశైలం పోయేది, హారన్ కొడుతూ, ఘాట్ రోడ్డు మలుపులో కారాపి కోతులకి కుర్‌కురే పోస్తూ. హైదరాబాద్ వైపు దారిలో, దాని పక్కనే ఉన్న అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మన్ననూరు చెక్‌పోస్ట్ మూసేస్తే ఆ ఫారెస్ట్ గార్డుని తిట్టని తిట్టు ఉండదు. వీళ్లు కార్బెట్ పోయి పులికి ఒక్క స్టార్ ఇస్తారు.

ఇంకా ఏ నెల అని అడిగేవాళ్లకి, ఏప్రిల్ చివర నుంచి జూన్ పది లోపు. ఢికాలా లోపల రెండు రాత్రులు దొరికేట్టు బుకింగ్ రోజే కాచుక్కూర్చోండి, మట్టి రంగు బట్టలేసుకోండి, నోర్మూసుకోండి, ఎండకి మాడండి. అప్పటికీ కనపడకపోవచ్చు. ఏనుగులు మటుకు చాలావరకు కనిపిస్తాయి, రేవతి నక్షత్రం కాకపోయినా.

కాదు, చల్లగా, టిఫిన్ తర్వాత, మొహం ఇటు పెట్టిన పులే కావాలి, గ్యారంటీ కావాలి అంటే నార్త్ దాకా ఎందుకండీ, బహదూర్‌పురాలో నెహ్రూ జూ పార్క్ ఉంది, డిసెంబర్లో వెళ్తే ఎండ కూడా ఉండదు, చేగోడీలు ఎంత గట్టిగా నమిలినా అది ఎక్కడికీ పోదు. సోమవారం మాత్రం వెళ్లకండి, ఆ రోజు దానికీ సెలవే.