నాలుగు నిమిషాల ఏసీ గారికి

మహారాజశ్రీ రెండు టన్నుల ఏసీ గారికి, విశాఖపట్నం నుంచి తమ కరెంటు బిల్లు కట్టే గుమస్తా నమస్కరించి వ్రాయునది.

నిన్న మధ్యాహ్నం మా అమ్మాయి పెళ్లి శుభలేఖలు తమ గదిలోనైతే పొడిగా ఉంటాయని నమ్మి, తమను నడిపించి, తలుపు మూసి వెళ్లాను. సాయంత్రానికి శుభలేఖలు వేయించిన అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. కవర్ల జిగురు అంచులు చెమ్మకు తడిసి, లోపల ఏమీ పెట్టకుండానే అతుక్కుపోయాయి. తమ నుదుట మాత్రం 24 అన్న అంకె దర్జాగా వెలుగుతోంది.

మే నెల విశాఖలో చల్లదనం ఒక్కటే ఏం చేసుకోమంటారు? తమ కంప్రెసర్ లేచిన నాలుగు నిమిషాలకే గది చల్లబడుతుంది. కాయిల్ మీద పట్టిన తేమ బొట్లుగా జారి పైపు దారి పట్టేలోపే పని అయిపోయిందని కంప్రెసర్ పడుకుంటుంది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉండి, ఆ తడినంతా మళ్లీ మా మొహాన ఊదుతుంది. చుట్టపుచూపుగా వచ్చినవాడైనా కాఫీ తాగేదాకా కూర్చుంటాడు కదండీ! పైపు కింద పెట్టిన బకెట్‌లో సాయంత్రానికి అడుగైనా సరిగా తడవలేదు.

1902లో బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో తేమకు కాగితం సాగి, రంగులు కుదురుగా పడటం లేదనే కదా విల్లిస్ కారియర్ తమ మూలపురుషుణ్ణి తయారుచేశాడు! కాగితాన్ని కాపాడటానికి మొదలైన వంశంలో పుట్టి, 300 శుభలేఖలను కాపాడలేకపోయావు. గంటకు ఏడెనిమిదిసార్లు లేస్తావు, లేచిన ప్రతిసారీ ఇంట్లో దీపాలు మినుక్కుమంటాయి, ఒంటి జిడ్డు మాత్రం వదలదు.

100 చదరపు అడుగుల గదికి ఒక టన్ను చాలని తెలిసి కూడా, పెద్దదైతే హాయి అన్న దుకాణదారు మాట విన్నది నేనే, ఒప్పుకుంటాను. మెకానిక్ సంగతి చెప్పనక్కర్లేదు. మూత విప్పకుండానే గ్యాస్ తగ్గిందన్నాడు.

రాత్రి కిటికీలు తెరిచి, సీలింగ్ ఫ్యాన్ కింద నేనూ మా ఆవిడా స్కేలు అంచుతో కవర్లు ఒక్కొక్కటే విప్పాం. 43 చిరిగాయి. ఎక్స్ఛేంజిలో నిన్ను దించుకుపోయే కుర్రవాడు ఎల్లుండి వస్తాడు. ఈలోగా ఒక్క పూటైనా ఆగకుండా ఆడి, ఆ బకెట్ అడుగు తడిపి వెళ్లు.