బీథోవెన్ పేరు చెప్పి చెవిలో నూనె పోయించకండి

సత్యనారాయణపురంలో నన్ను ఎరిగినవాళ్లంతా ఒకే మెసేజ్ పంపుతున్నారు. దాని సారం ఇది: పాశ్చాత్య సంగీతకర్త బీథోవెన్ ఏ వినికిడి మెషినూ లేకుండా చెవుడుతోనే గొప్పవాడయ్యాడు. మెషిన్ పెడితే చెవి బద్ధకిస్తుంది, సంగీతం పాడవుతుంది. వెల్లుల్లి కాచిన నూనె పోస్తే నరం లేస్తుంది. అదీ కుదరకపోతే పరువుగా కచేరీలు మానుకోవాలి. నేను వయొలిన్ పక్కవాద్యం వాయిస్తాను, ఏటికేడాది నా వినికిడి తగ్గుతోంది. అందుకే జవాబు చెబుతున్నాను.

బీథోవెన్‌కు ముప్పై ఏళ్లు రాకముందే వినికిడి తగ్గడం మొదలైంది. గట్టిగా మాట్లాడమని మనుషులను అడగలేకపోతున్నానని, చావాలనిపించినా కళే తనను ఆపిందని 1802లో తమ్ముళ్లను ఉద్దేశించి రాసుకున్నాడు. మెల్జెల్ అనే యంత్రాల తయారీదారు చేసిచ్చిన గొట్టాలు చెవికి పెట్టుకున్నాడు. అవి ఆ కాలపు మెషిన్లు కావా? 1814 తర్వాత సభల్లో పియానో వాయించడం దాదాపు ఆగిపోయింది. సంగీతం రాసుకోవడానికి మనసులో పలికే స్వరం చాలు. గాయని అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరం వేసి వదిలిన మరుక్షణం జవాబు వాయించడానికి అది చాలదు.

ఇక నూనె. నాకు బాగా కోపం తెప్పించింది ఇదే. నాలాంటి వాళ్లలో దెబ్బతిన్నవి లోపలి చెవిలో, కోక్లియాలో ఉండి శబ్దాన్ని పట్టుకునే కేశకణాలు. మనిషిలో అవి ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. పోసిన నూనె కర్ణభేరి దగ్గరే ఆగిపోతుంది. కర్ణభేరికి చిల్లు ఉంటే మధ్య చెవిలోకి దిగి ఇన్ఫెక్షన్ తెస్తుంది. వేడి ఎక్కువైతే చర్మం కాలుతుంది. గులిమి మెత్తబడటానికి డాక్టరు చుక్కలు రాయడం వేరే సంగతి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడటం మానేస్తే మొదటి కొద్ది రోజుల్లోనే మందు పడాలి. ఆ రోజులన్నీ వెల్లుల్లి కాచుకుంటూ గడిపితే పోయిన వినికిడిని మీరు తెచ్చిస్తారా? నరం లేచిందంటున్నవాళ్లలో ఒక్కరి ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష రిపోర్టు, చూపించండి, ముందూ తర్వాతా.

చెవి బద్ధకించడం అనేది లేదు. మెషిన్ పెట్టకముందూ నా వినికిడి తగ్గింది, పెట్టాకా తగ్గుతోంది.

సంగీతం పాడవుతుందన్న మాట మాత్రం నిజమే, ఒప్పుకుంటాను. ఈ మెషిన్లు ముఖ్యంగా మాట కోసం తయారైనవి. తంబూరా నాదం ఎడతెగకుండా సాగుతుంటే, దాన్ని తమలోంచి వచ్చే ఈల లాంటి కూతగా పొరబడి అణచబోతాయి. శ్రుతి వణికినట్టు వినిపిస్తుంది. మొదటిసారి అలా విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. కానీ వినికిడి పరీక్షించి మెషిన్ సరిచేసే ఆడియాలజిస్టు దగ్గర వయొలిన్ వాయించి చూపిస్తే, ఆ అణచివేత తగ్గించి సంగీతానికి వేరే ప్రోగ్రాం పెట్టారు. పూర్తిగా బాగుపడలేదు, వాయించగలుగుతున్నాను.

పరువు మాటకొస్తే, స్కాట్లాండ్ తాళవాద్య కళాకారిణి ఎవెలిన్ గ్లెన్నీకి పన్నెండేళ్లకే దాదాపు పూర్తిగా వినికిడి పోయింది. చెప్పుల్లేకుండా నిలబడి, కంపనాలు ఒంటితో పట్టుకుంటూ ప్రపంచమంతా వాయించారు. మన వయొలిన్ ఒక కొస పాదం మీద, ఇంకో కొస ఛాతీ మీద ఆనుతుంది. మంద్రస్థాయి నాకు అక్కడే అందుతుంది. తారస్థాయే కష్టం. అందుకే సభల వాళ్లను నేను అడిగేవి ఇవి: గాయని మొహం, తాళం వేసే చెయ్యి కనపడేలా నన్ను కూర్చోబెట్టండి. మానిటర్ స్పీకర్ నా వైపు తిప్పండి. మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనం వదిలేటప్పుడు చేత్తో సైగ చేయమని ముందే అందరికీ చెప్పండి.