నెట్‌ఫ్లిక్స్‌ను కాదన్నందుకే బ్లాక్‌బస్టర్ మునిగిందా?

వ్యాపార పాఠాల్లోనూ వాట్సాప్ సందేశాల్లోనూ ఒక కథ కొన్నేళ్లుగా తిరుగుతోంది. 2000లో నెట్‌ఫ్లిక్స్ వ్యవస్థాపకులు తమ సంస్థను 5 కోట్ల డాలర్లకు కొనుక్కోమని అమెరికాలోని అతి పెద్ద వీడియో అద్దె సంస్థ బ్లాక్‌బస్టర్ దగ్గరికి వెళ్లారట. ఆ సంస్థ పెద్దలు నవ్వి పంపేశారట. ఆలస్య రుసుముల మీద ఆశతో ఆన్‌లైన్ వైపు కన్నెత్తి చూడక, స్ట్రీమింగ్ రాకను పసిగట్టలేక పదేళ్లలో దివాలా తీశారట. మన ఊళ్లలోని సీడీ షాపులకూ అదే గతి పట్టిందట. బేరమూ దివాలా రెండూ జరిగినవే కానీ, ఆ రెంటినీ కలుపుతూ చెప్పే కారణాలు నిలవవు. వేలాది దుకాణాలు నడిపిన మనుషులను కేవలం మూర్ఖులుగా చూపే ఈ కథను విద్యార్థులకు పాఠంగా చెబుతున్నారు కనుక, దీన్ని విడమరచి చూడక తప్పదు.

ఆనాడు బ్లాక్‌బస్టర్ ప్రధాన కార్యాలయమున్న డల్లాస్‌లో అమ్మకానికి వచ్చినది స్ట్రీమింగ్ సంస్థ కాదు, డీవీడీలను తపాలా కవర్లలో పెట్టి ఇళ్లకు పంపే చిన్న సంస్థ. సుమారు 3 లక్షల మంది చందాదారులున్న ఆ సంస్థకు ఆ ఒక్క ఏడాదిలోనే 5.7 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. డాట్‌కామ్ సంస్థలు, అంటే ఇంటర్నెట్ మీద ఆధారపడిన కొత్త సంస్థలు, ఒకదాని వెంట ఒకటి కూలుతున్న సమయమది. నెట్‌ఫ్లిక్స్ ఇంటర్నెట్ ద్వారా సినిమాలు చూపించడం మొదలుపెట్టింది 2007 జనవరిలో. అదీ కంప్యూటర్ మీద మాత్రమే, సుమారు వెయ్యి శీర్షికలతో, నెలకు 17.99 డాలర్లు కట్టేవారికైనా 18 గంటల పరిమితితో. ఏడేళ్ల తరువాత పుట్టిన సేవను ముందే ఊహించి కొనలేదని 2000 నాటి నిర్ణయాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. ఇక నవ్వు సంగతి. దానికి ఆధారం అవతలి పక్షపు జ్ఞాపకం ఒక్కటే. నెట్‌ఫ్లిక్స్ సహ వ్యవస్థాపకుడు మార్క్ ర్యాండాల్ఫ్ చెప్పినది కూడా, బ్లాక్‌బస్టర్ అధినేత జాన్ ఆంటియోకో నవ్వు ఆపుకుంటున్నట్టు తనకు కనిపించిందనే.

స్ట్రీమింగ్‌ను పసిగట్టలేదన్న మాట అంతకన్నా బలహీనమైనది. అదే 2000 జూలైలో బ్లాక్‌బస్టర్ బ్రాడ్‌బ్యాండ్ ద్వారా ఇళ్లకు సినిమాలు అందించేందుకు ఇంధన సంస్థ ఎన్రాన్‌తో 20 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. ఇళ్లలో బ్రాడ్‌బ్యాండ్ ఇంకా అరుదుగా ఉన్న రోజుల్లో ఆ పని ప్రయోగ దశ దాటలేదు, 2001 మార్చిలో ఒప్పందం రద్దయింది. తొందరపడ్డారని విమర్శిస్తే కొంత అర్థముంది. నిద్రపోయారనడంలో మాత్రం లేదు.

ఆలస్య రుసుముల విషయంలో జనం కోపానికి కారణం ఉంది, దాన్ని నేను కాదనను. క్యాసెట్ ఒక రోజు ఆలస్యమైతే మళ్లీ అద్దెంత కట్టవలసి రావడం ఎవరికైనా కష్టమే. అయితే బ్లాక్‌బస్టర్ 2005 జనవరిలో ఆ రుసుములను ఎత్తివేసి ఏటా కోట్లాది డాలర్ల రాబడి వదులుకుందన్న సంగతి ఆ సందేశాల్లో కనిపించదు. ఆ తరువాత కూడా, డిస్కు తిరిగివ్వనివారి నుంచి దాని ధర వసూలు చేయడంతో ప్రకటన మోసపూరితమని రాష్ట్రాల ప్రధాన న్యాయాధికారులైన అటార్నీ జనరళ్లు పట్టుబట్టారు, సంస్థ రాజీకి రావలసివచ్చింది. అది తప్పే. కానీ అది రుసుములను పట్టుకు వేలాడిన తప్పు కాదు.

అసలు చూడవలసినది 2004 నుంచి 2007 వరకు జరిగినది. 2004 ఆగస్టులో బ్లాక్‌బస్టర్ తన ఆన్‌లైన్ అద్దె సేవను ప్రారంభించింది. 2006 నవంబరులో టోటల్ యాక్సెస్ అనే పథకం తెచ్చింది. తపాలాలో వచ్చిన డిస్కు చూశాక కవరును పోస్టు డబ్బాలో వేయనక్కర లేదు. పక్క వీధిలోని దుకాణానికి తీసుకెళ్లి కౌంటర్‌లో ఇస్తే, అప్పటికప్పుడు అరలోంచి ఇంకో సినిమాను ఉచితంగా ఇంటికి తెచ్చుకోవచ్చు. దుకాణాలు లేని నెట్‌ఫ్లిక్స్ ఇలాంటి సౌకర్యం ఇవ్వలేకపోయింది. 2007 రెండో త్రైమాసికంలో ఆ సంస్థ చందాదారుల సంఖ్య దాని చరిత్రలోనే మొదటిసారి, సుమారు 55 వేలు తగ్గింది. అంటే పోటీలో వెనుకబడినదని చెబుతున్న సంస్థ సరిగ్గా ఆ నెలల్లో గెలుస్తోంది.

ఆ గెలుపును ఆపినది సంస్థ లోపలి కలహమూ అప్పూ. 2004లో మాతృసంస్థ వయాకామ్ నుంచి విడిపోయేటప్పుడు వాటాకు 5 డాలర్ల చొప్పున, మొత్తం సుమారు 90 కోట్ల డాలర్ల ప్రత్యేక డివిడెండ్ పంచారు. ఆ భారం బ్లాక్‌బస్టర్ నెత్తిన అప్పుగా మిగిలింది. 2005లో పెద్ద వాటాదారు కార్ల్ ఐకాన్ డైరెక్టర్ల ఎన్నికలో పోరాడి బోర్డులోకి వచ్చాడు. ఖర్చు మీదా ఆంటియోకో బోనసు మీదా తగాదాలు ముదిరి, 2007లో ఆయన వెళ్లిపోయారు. తరువాత వచ్చిన జిమ్ కీస్ టోటల్ యాక్సెస్ ధరలు పెంచి, దృష్టిని తిరిగి దుకాణాల మీదికి మళ్లించారు. మరుసటి ఏడాది ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థ సర్క్యూట్ సిటీని 100 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొనబోయి విరమించుకున్నారు. 2010 సెప్టెంబరులో దివాలా పిటిషన్ వేసేనాటికి ఆ సంస్థను కుంగదీసినది ఈ మొత్తం భారం.

జనం డిస్కులు మానేసినందుకే మునిగిందనీ అనలేం. అదే కాలంలో రెడ్‌బాక్స్ యంత్రాలు కిరాణా దుకాణాల ముందు రాత్రికి ఒక డాలరుకు డిస్కులు అద్దెకిస్తూ విస్తరించాయి. 2007లోనే వాటి సంఖ్య అమెరికాలోని బ్లాక్‌బస్టర్ దుకాణాలను మించింది. నెట్‌ఫ్లిక్స్ సైతం తపాలా డీవీడీలను 2023 సెప్టెంబరు 29 వరకు పంపుతూనే ఉంది. అవి మొత్తం 520 కోట్లు దాటాయి. డిస్కు వ్యాపారం అంతకాలం నిలవడానికి చట్టం కూడా కారణమే. అమెరికాలో డిస్కు కొన్నవారు దాన్ని ఎవరి అనుమతీ లేకుండా అద్దెకివ్వవచ్చు. స్ట్రీమింగ్‌కు మాత్రం ప్రతి సినిమాకూ హక్కుదారుల లైసెన్సు కావాలి, గడువు తీరితే సినిమా పోతుంది. స్టార్జ్ ఛానల్‌తో 2008లో కుదిరిన ఒప్పందం 2012 ఫిబ్రవరిలో ముగియగానే నెట్‌ఫ్లిక్స్ జాబితాలోంచి ఎన్నో సినిమాలు అలాగే తొలగిపోయాయి.

చివరిగా మన సీడీ షాపులు. భారత కాపీరైట్ చట్టం సినిమా ప్రతిని అద్దెకిచ్చే హక్కును హక్కుదారుకే ఉంచింది కనుక, అమెరికా దుకాణాలకున్న ఆ వెసులుబాటు ఇక్కడ మొదటి నుంచీ లేదు. నెట్‌ఫ్లిక్స్ భారతదేశానికి వచ్చినది 2016 జనవరిలో. అప్పటికే చాలా ఊళ్లలో అద్దె షాపులు మూతపడ్డాయి. 2007లో మోజర్ బేర్ సంస్థ అసలు వీసీడీని 28 రూపాయలకూ డీవీడీని 34 రూపాయలకూ అమ్మడం మొదలుపెట్టాక, సొంతంగా కొనే ధర అద్దెకు దగ్గరగా వచ్చింది. పైరసీ డిస్కులు అంతకన్నా చవక. టీవీ ఛానళ్లు కొత్త సినిమాలను త్వరగా వేసేవి. సెల్‌ఫోన్ దుకాణంలో మెమరీ కార్డు ఇస్తే ఒకేసారి నాలుగైదు సినిమాలు ఎక్కించి ఇచ్చేవారు. 5 కోట్ల డాలర్ల బేరానికీ ఆ షాపుల మూతకూ ఏ సంబంధమూ లేదు.