59 డాలర్ల వేప్ గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ వేప్ గారికి,

కెనడాలోని కిచెనర్ ఊళ్లో, ఒక ఇంటి బేస్‌మెంట్‌లో, నీకు రెండడుగుల దూరంలో మంచం మీద కూర్చుని రాస్తున్నాను. ఉత్తరం మొదట్లో ఉభయకుశలోపరి అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను గానీ, నువ్వు క్షేమంగా లేవు. సాక్సుల డ్రాయర్‌లో, పాత ఫోన్ చార్జర్ల మధ్య, నోరు ఊడిపోయి పడున్నావు.

చదివేవాళ్ల కోసం నీ పరిచయం. పూర్తి పేరు పోర్టబుల్ డ్రై హెర్బ్ వేపరైజర్, అంటే ఎండు ఆకుని కాల్చకుండా వేడి చేసి, ఆ ఆవిరి పీల్చే చేతి యంత్రం. ఆ హెర్బ్ ఏమిటో నీ డబ్బా మీద ఎక్కడా రాయలేదు. పుదీనాలాంటి ఆకు బొమ్మ ఒకటి వేసి ఊరుకున్నారు. ఈ దేశంలో అంత సిగ్గు దేనికో నాకు తెలియదు. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి గంజాయి చట్టబద్ధం. మా ఒంటారియో రాష్ట్రంలో 19 ఏళ్లు నిండినవాళ్లు దుకాణంలో ఐడీ చూపించి కొనుక్కోవచ్చు, ఇంటికి 4 మొక్కలు పెంచుకోవచ్చు. మా అనకాపల్లిలో కుర్రాడు చెడిపోతే ‘తులసి వనంలో గంజాయి మొక్క’ అంటారు. ఇక్కడ మా కిటికీలో జనవరి దాటి బతకనిది తులసే.

మా నాన్న రోజూ పేపరు చదివి, పాడేరు వైపు నుంచి వస్తున్న ఏ లారీలో ఎన్ని కిలోలు పట్టుకున్నారో ఫోన్లో నాకు వినిపించే మనిషి. ఆయన వీడియో కాల్‌లో ఉండగానే నీ పార్సిల్ వచ్చింది. ‘‘ఏంట్రా అది?’’ అన్నారు. కంగారులో ‘‘వేప్’’ అనేశాను.

‘‘వేపా? అక్కడ వేప పుల్లలు కూడా అమ్ముతున్నార్రా? ఎంత?’’

‘‘59 డాలర్లు.’’

ఆయన మనసులో రూపాయల్లోకి మార్చుకున్నారు. మూడున్నర వేలు దాటింది. కాసేపు మాటల్లేవు. ‘‘పెరట్లో చెట్టు పెట్టుకుని...’’ అని మాత్రం అని, ఫోన్ అమ్మకిచ్చేశారు. నేను సరిదిద్దలేదు. ఈ ఒక్క విషయంలో నీ పేరు నాకు మేలే చేసింది.

నిన్నెందుకు తెచ్చుకున్నానో కూడా చెప్పుకోవాలి. మా లీజులో పొగ తాగరాదని ఉంది, ఆవిరి మాట లేదు. లాయరు బుర్ర ఉపయోగించాననుకున్నాను. పొగ ఉండదు, వాసన తక్కువ, గొంతు మండదు అన్నారు. ఊపిరితిత్తులకి మంచిదని ఎవరూ అనలేదు, నేనూ నమ్మలేదు. పొగ కంటే కాస్త నయం అన్నంతవరకే. అదైనా నిజంగా ఆవిరి వస్తే కదా!

మూడు వారాలు పరిశోధన చేశాను. పెళ్లి సంబంధాలు కూడా అంత చూడలేదు. జర్మనీలో శస్త్రచికిత్స పనిముట్లకి పేరున్న టుట్‌లింగెన్‌లో ఒక కంపెనీ ఉంది. 2000లో వోల్కేనో అని బల్ల మీద పెట్టుకునే యంత్రం తెచ్చినవాళ్లే తర్వాత చేతిలో పట్టేంత మైటీ అనేదాన్ని చేశారు. దాని ధర చూసి, తెరిచిన వెబ్ పేజీ తెరిచినట్టే మూసేశాను. అమెరికాలో విస్కాన్సిన్ వాళ్ల డైనావ్యాప్ నా బడ్జెట్‌లోనే ఉంది. దానికి బ్యాటరీ లేదు, వైరు లేదు, చిన్న లోహపు గొట్టం అంతే. మూతని టార్చ్ లైటర్‌తో వేడి చేస్తే చాలినంత వేడెక్కగానే ‘టిక్’మంటుంది. కుక్కర్ విజిల్ లెక్కపెట్టడమే రానివాణ్ని, టిక్కు వింటానా అని వదిలేశాను. ఇక వాటర్లూలో అరైజర్ ఉంది. ఆవిరి గాజు గొట్టంలోంచి వస్తుంది. కారులో వెళ్తే పావుగంట దూరం. పక్క ఊరి సరుకు కదా, పెరటి చెట్టు మందుకి పనికిరాదు.

అలా అందరినీ కాదని నీ దగ్గర ఆగాను. కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది. నీకు ఐదు రంగుల లైట్లున్నాయి.

నాన్న అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో జీవితమంతా గడిపారు. రంగు చూసి బెల్లం కొనకు, మరీ తెల్లగా మెరిసేదాంట్లో మందు కలిపి ఉంటారు, కాస్త నల్లగా ఉన్నది కొను అని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెప్పారు. ఆయన కొడుకు లైట్లు చూసి యంత్రం కొన్నాడు. నీ కింద రాసిన అభిప్రాయాలన్నిట్లో ఒకటే మాట, ‘ఆ ధరకి బాగుంది’ అని. అంటే బాగాలేదని మర్యాదగా చెప్పడమట. అప్పుడు అర్థం కాలేదు.

నువ్వు అట్టు జాతి అని కూడా అప్పుడు తెలియదు. మీలో రెండు జాతులున్నాయి. ఒకటి అట్టు, ఒకటి ఇడ్లీ. అట్టు జాతిలో గిన్నె గోడ వేడెక్కి, దాన్ని తాకిన ఆకు వేగుతుంది. ఇడ్లీ జాతిలో వేడి గాలి ఆకు మధ్యలోంచి వెళ్లి అంతటినీ ఒకేలా వేడి చేస్తుంది. చవకవి ఎక్కువగా అట్టు జాతే. అట్టు తప్పని నేననను, మంచి పెనం ఉంటే అట్టుకి మించింది లేదు. ఓపికున్నవాడు మధ్యలో ఒకసారి మూత తీసి, పుల్లతో కలిపి, మళ్లీ పెడతాడు. కానీ నీ పెనానికి తన వేడి ఎంతో తనకే తెలియదు.

మొదటి రాత్రి గుర్తుందా? తెర మీద 195 డిగ్రీలు చూపించావు. ఈ ఆకుతో మామూలుగా 160 నుంచి 220 లోపల పని జరిగిపోవాలి. 230 దగ్గరికి వెళ్తే ఇక ఆవిరి కాదు, కాలడమే. మొదటి దమ్ముకి ప్లాస్టిక్ బొమ్మ కాలిన వాసన. రెండోదానికి ఏమీ లేదు. మూడోదానికి దగ్గు. చల్లారాక మూత తీసి, తెల్ల కాగితం మీద బోర్లించి చూశాను. సరిగ్గా వేగితే అంతా ఒకేలా వేయించిన ధనియాల రంగులో ఉండాలి. నీ గిన్నెలోంచి అంచు బొగ్గు, మధ్య పచ్చి ఆకు పడ్డాయి. వేలితో నలిపితే ఒకవైపు మసి, ఒకవైపు పసరు. 195 అనేది మరి ఎవరి జ్వరమో!

ఈలోగా పొగ అలారం మోగింది. పై నుంచి ఇంటి ఓనరు ఆంటీ దిగి వచ్చారు. నా రూమ్మేట్‌ది కరీంనగర్. తలుపు దగ్గరే నిలబడి, ‘‘అగర్‌బత్తి ఆంటీ, ఈ రోజు మా దగ్గర పండగ’’ అన్నాడు. ఏ పండగ అని ఆవిడ అడగలేదు, ఏ దేవుడు కాపాడాడో. ఆవిడ వెళ్లాక వాడు నిన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ‘‘అన్నా, గీ టీవీ రిమోట్‌కు గన్ని పైసలు పెట్టినవా?’’ అన్నాడు.

నీ బ్యాటరీ గురించి క్లుప్తంగా. బయట మైనస్ 18. కోటు జేబులోంచి తీసేటప్పుడు మూడు గీతలు, రెండు దమ్ములయ్యేసరికి సున్నా. చలికి ఏ లిథియం బ్యాటరీ అయినా నీరసపడుతుంది, ఒప్పుకుంటాను. కానీ టార్చిలో సెల్లులా 18650 అనే సైజు బ్యాటరీ తీసి పెట్టుకునేవి నీ ధరకి కాస్త పైనే ఉన్నాయి. అది నీరసపడితే వెచ్చటి జేబులోంచి ఇంకోటి తీసి వేసుకోవచ్చు. నీది లోపలే అతికించేశారు. ఏడో నెలలో అది పోయింది, దాంతోపాటు నువ్వూ పోయావు. అంతకు ముందే నీ నోటి ముక్క వేడికి వంగి, కొక్కెం విరిగి, పెదవి మీద నాకో బొబ్బ మిగిల్చింది. జాలీ శుభ్రం చేద్దామంటే బెల్లం పాకం అడుగంటిన మూకుడే నయం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లలు డజను చొప్పున నల్లబడ్డాయి. నిన్ను అమ్మినవాళ్లకి మెయిల్ పెడితే, చార్జింగ్ పెట్టి చూశారా అని జవాబొచ్చింది.

నిన్న లెక్క వేశాను. నీ ధర 59, దాని మీద 13 శాతం పన్ను. కొత్త నోటి ముక్క 12, దాని పోస్టేజి 9. జాలీలు 8. ఆల్కహాలు, దూది పుల్లలు కలిపి 11. మొత్తం 107 డాలర్లకి ఓ ముప్పై సెంట్లు తక్కువ. మాడిన ఆకు ఖర్చు ఇందులో వేయలేదు, వేస్తే నాకు నిద్ర పట్టదు. పిండి కొద్దీ రొట్టె అంటారు. నేను రొట్టెకి సరిపడా పిండి పోశాను, కాకపోతే విడతలవారీగా.

పాడైన ఎలక్ట్రానిక్స్ ఇండియా తీసుకెళ్లి బంధువులకి అంటగట్టడం మన ఆచారం. నీ విషయంలో అదీ కుదరదు. అక్కడ 2019 నుంచి ఈ-సిగరెట్లు, వేడి చేసి పీల్చే పరికరాలు నిషేధం. పైగా నీ గిన్నె అడుగున అంటుకున్నదానికి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వేరే ఉంది. బాపట్ల బావకి ఐఫోన్ కేబులే ఇస్తాను.

శనివారం మనిద్దరం బయటికి వెళ్తున్నాం. లోపల లిథియం ఉంది కాబట్టి నిన్ను చెత్తబుట్టలో వేయకూడదు. పాత బ్యాటరీలు తీసుకునే షాపుకి తీసుకెళ్లి వాళ్ల డబ్బాలో వేస్తాను. అంతవరకు సాక్సులతో సర్దుకో.

ఇట్లు,
నీ 107 డాలర్ల యజమాని

తా.క.: నాన్న ఫోన్ చేశారు. మా వీధివాళ్లెవరో వచ్చే నెల టొరంటో వస్తున్నారట, వాళ్లతో వేప పుల్లల కట్ట పంపుతానన్నారు. వద్దు నాన్నా, ఇక్కడ ఎయిర్‌పోర్టులో పుల్లా ఆకూ పట్టుకుంటారు అని చెప్పాను. ‘‘ఎందుకు రానిస్తార్రా? అక్కడ 59 డాలర్లకి అమ్ముకుంటున్నారు కదా!’’ అన్నారు.